పేరు మార్చుకునే మత్తు.. వెంటపడే చట్టం

ఉతై (భిలాయి): గంజాయిని గుర్తుపట్టడానికి అనుభవమున్న పోలీసుకు ప్రయోగశాల అక్కర్లేదు. వాసన, రంగు, ఎండిన పూత చాలు. దేశంలో మాదకద్రవ్యాల చట్టం అమలు నలభై ఏళ్లుగా ఇలాంటి ఆనవాళ్ల మీదనే ఎక్కువగా సాగుతోంది. గంజాయి తరహా మత్తునిస్తూ, గంజాయి మొక్కతో ఏ సంబంధమూ లేని రసాయనాలు ఈ పద్ధతికి సవాలు విసురుతున్నాయి. ఇవే కృత్రిమ క్యానబినాయిడ్లు. ఎండుటాకుల మీద చల్లితే మూలికల పొట్లంలా, కాగితానికి పట్టిస్తే ఉత్తరంలా, ద్రవంలో కలిపితే ఈ-సిగరెట్ గొట్టంలా కనిపిస్తాయి. వాటిని చట్టం పరిధిలోకి తేవాలంటే పేరు కావాలి. ఆ పేరేమో ప్రతి నిషేధం తరువాతా మారిపోతుంది.

ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాలో, భిలాయి ఉక్కు నగరానికి సమీపంలో ఉన్న చిన్న పట్టణం ఉతై. కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం కొత్త సిబ్బందికి శిక్షణ ఇచ్చే కేంద్రం ఇక్కడే ఉంది. ఇక్కడ తర్ఫీదు పొందినవారు రేపు విమానాశ్రయాల్లో, ఓడరేవుల్లో, ఉక్కు కర్మాగారాల్లో కాపలా కాస్తారు. మరోవైపు భిలాయి, దుర్గ్ పట్టణాలు హావ్‌డా-ముంబయి ప్రధాన రైలుమార్గం మీద ఉన్నాయి. ఆంధ్ర-ఒడిశా సరిహద్దు నుంచి ఉత్తరాదికి, పశ్చిమానికి గంజాయి తరలే దారుల్లో రాయ్‌పూర్-దుర్గ్ ప్రాంతం ఒకటి. ఉక్కు కర్మాగారంతో పాటే ఎదిగిన తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో ఉన్న నగరమిది. మొక్క నుంచి అణువుకు మారుతున్న మత్తు వ్యాపారాన్ని అర్థం చేసుకోవడానికి ఈ కూడలి తగిన చోటు.

పరిశోధన దాటి వీధిలోకి

గంజాయిలో మత్తు కలిగించే ప్రధాన పదార్థం టీహెచ్‌సీ. అది మెదడులోని ‘సీబీ1’ అనే గ్రాహకాలకు అతుక్కొని, వాటిని పాక్షికంగా మాత్రమే ఉత్తేజపరుస్తుంది. ఈ గ్రాహకాల పనితీరు తెలుసుకోవాలని, నొప్పికి కొత్త మందులు కనిపెట్టాలని శాస్త్రవేత్తలు గత శతాబ్దం చివరి దశకాల్లో వందలాది అణువులను తయారుచేశారు. అమెరికాలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జాన్ డబ్ల్యూ. హఫ్‌మన్ బృందం రూపొందించిన ‘జేడబ్ల్యూహెచ్-018’ వాటిలో ఒకటి. దాని పేరులోని మొదటి మూడు అక్షరాలు ఆయన పేరులోని పొడి అక్షరాలే. ఆ ప్రయోగాల వివరాలు శాస్త్ర పత్రికల్లో బహిరంగంగా వెలువడ్డాయి. వాటిని చదివినవారిలో మందుల పరిశోధకులే కాక మత్తు వ్యాపారులూ ఉన్నారు.

2000 దశకం మధ్యనాటికి ఐరోపాలో ‘స్పైస్’, అమెరికాలో ‘కే2’ వంటి పేర్లతో రంగురంగుల పొట్లాలు దుకాణాలకెక్కాయి. ‘ధూపం కోసం మాత్రమే, సేవించరాదు’ అన్న హెచ్చరికే వాటికి చట్టపరమైన కవచమైంది. అందులోని మూలికలు మత్తునివ్వవని, పైన చల్లిన రసాయనమే అసలు సరుకని 2008 డిసెంబరులో జర్మనీ, ఆస్ట్రియా ప్రయోగశాలలు తేల్చాయి. 2009 జనవరిలోనే జర్మనీ నిషేధం విధించింది. కొన్ని వారాల్లోనే స్వల్ప మార్పుతో మరో అణువు అదే పొట్లంలోకి చేరింది. ఆ తరువాతి కథంతా ఈ తొలి ఘట్టానికి పునరావృత్తే.

వీటిని ‘కృత్రిమ గంజాయి’ అనడం వాడుకలోకి వచ్చినా, ఆ మాట ప్రమాద తీవ్రతను తగ్గించి చూపుతోంది. ఈ రసాయనాల్లో చాలావరకు గ్రాహకాన్ని పూర్తిస్థాయిలో ఉత్తేజపరుస్తాయి. కొన్నింటి శక్తి టీహెచ్‌సీ కంటే పదుల రెట్లు ఎక్కువ. ఆకుల మీద చల్లడంలో సమానత ఉండదు కాబట్టి ఒకే పొట్లంలో ఒక చిటికెడు ఏమీ చేయకపోవచ్చు, మరో చిటికెడు మూర్ఛ తెప్పించవచ్చు. 2016 జూలైలో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒకే రోజు 33 మంది వీధుల్లో స్పృహ తప్పిన స్థితిలో, నడిచే శవాల్లా కనిపించారు. ‘ఏఎంబీ-ఫ్యుబినాకా’ అనే అణువు అందుకు కారణమని తరువాత తేలింది. 2018లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఈ సరుకులో ఎలుకల మందు కలవడంతో 150 మందికి పైగా రక్తస్రావంతో ఆసుపత్రుల పాలయ్యారు. కొందరు ప్రాణాలు కోల్పోయారు. గంజాయి కోసం చేసే సాధారణ మూత్ర పరీక్షకు ఈ రసాయనాలు చిక్కవు. విరుగుడు మందూ లేదు. రోగి ఏం తీసుకున్నాడో తెలియని వైద్యుడు లక్షణాలకే చికిత్స చేయాల్సి వస్తుంది.

జాబితాలో ఉంటేనే నేరం

భారతదేశంలో మత్తు పదార్థాలకు మూల శాసనం 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం. ఇది గంజాయిని మొక్క ఆధారంగా నిర్వచించింది. పూసిన లేదా కాసిన కొనలు గంజాయి, మొక్క నుంచి తీసిన బంక చరస్. పూత లేని ఉత్త ఆకులు ఈ నిర్వచనంలోకి రావు. అందువల్లనే భంగు ఎన్‌డీపీఎస్ పరిధి వెలుపల, రాష్ట్రాల ఎక్సైజ్ నిబంధనల కింద మిగిలింది. మొక్కే లేని కృత్రిమ క్యానబినాయిడ్‌కు ఈ నిర్వచనం వర్తించదు. తులసి ఆకుల మీద చల్లిన రసాయనం ఎంత ప్రమాదకరమైనా చట్టం దృష్టిలో గంజాయి కాదు.

మిగిలిన దారి ‘సైకోట్రోపిక్ పదార్థాల’ షెడ్యూలు. ఇది పేర్ల పట్టిక. అందులో పేరున్న పదార్థం, దాని లవణాలు, దానితో చేసిన మిశ్రమాలు నేర పరిధిలోకి వస్తాయి. వాణిజ్య పరిమాణంలో పట్టుబడితే 22వ సెక్షన్ కింద 10 నుంచి 20 ఏళ్ల కఠిన కారాగారం, లక్ష నుంచి రెండు లక్షల రూపాయల జరిమానా పడతాయి. 37వ సెక్షన్ వల్ల బెయిలు దొరకడం కష్టం. పట్టికలో లేని అణువుకు మాత్రం ఈ సెక్షన్లేవీ వర్తించవు. అమెరికాలో 1986 నుంచి ఉన్న ‘సారూప్య పదార్థాల’ శాసనం వంటి ఏర్పాటు మన చట్టంలో లేదు. నిషిద్ధ పదార్థాన్ని పోలి ఉందన్న కారణంతో ఇక్కడ ఎన్‌డీపీఎస్ కింద శిక్షించడం కుదరదు.

ఇది కేవలం లోపంగా చూడదగ్గ విషయం కాదు. చేసిన నాటికి అమల్లో ఉన్న చట్టం నేరమని చెప్పని పనికి ఎవరినీ శిక్షించరాదని రాజ్యాంగంలోని 20(1) అధికరణం స్పష్టం చేస్తోంది. ఇరవై ఏళ్ల జైలు విధించగల చట్టం ఏది నేరమో ముందుగా, నిర్దిష్టంగా చెప్పి తీరాలి. పట్టిక పద్ధతి పౌరుడికి ఆ రక్షణ ఇస్తోంది. అదే పద్ధతి రసాయనవేత్తకు తప్పించుకునే సందునూ ఇస్తోంది. ఈ రెండింటి నడుమ సమతూకం ఎక్కడన్నదే ప్రస్తుత చర్చకు కేంద్రం.

బరువు లెక్క మరో చిక్కు. మత్తు పదార్థంలో కలిపిన తటస్థ పదార్థం బరువును కూడా మొత్తం పరిమాణంలో లెక్కించాలని హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు సభ్యుల ధర్మాసనం 2020 ఏప్రిల్‌లో తీర్పునిచ్చింది. కృత్రిమ క్యానబినాయిడ్లలో రసాయనం పాలు అతిస్వల్పం, ఆకుల పాలు అత్యధికం. అప్పుడు శిక్షను నిర్ణయించేది రసాయనం కంటే ఆకుల బరువే అవుతుంది. ఎల్‌ఎస్‌డీ పూసిన కాగితం బరువును లెక్కలోకి తీసుకోవాలా అన్న వివాదం ఇప్పటికే హైకోర్టుల దాకా వెళ్లింది. కాగితానికి పట్టించిన క్యానబినాయిడ్ల కేసుల్లోనూ అదే ప్రశ్న ఎదురుకాక తప్పదు. చిల్లర వాడకందారు, టోకు వ్యాపారి మధ్య తేడాను చట్టం ఏ కొలతతో గుర్తించాలన్నది దీని వెనకున్న అసలు సమస్య.

మెఫెడ్రోన్ నేర్పిన పాఠం

పట్టిక వెనకబడితే ఏం జరుగుతుందో దేశం ఒకసారి చూసింది. ముంబయి యువతలో ‘మ్యావ్ మ్యావ్’, ‘ఎండీ’ పేర్లతో మెఫెడ్రోన్ వ్యాపించిన కాలంలో అది ఎన్‌డీపీఎస్ షెడ్యూలులో లేదు. సరుకు కళ్లముందున్నా పోలీసులకు ఆ చట్టం అక్కరకు రాలేదు. 2015 ఫిబ్రవరిలో కేంద్రం గెజిట్ నోటిఫికేషన్‌తో దాన్ని చేర్చాకే పరిస్థితి మారింది. రెండు గ్రాములు స్వల్ప పరిమాణం, 50 గ్రాములు వాణిజ్య పరిమాణం అన్న కొలతలూ ఏర్పడ్డాయి.

పేరు చేరినంత మాత్రాన పని పూర్తికాలేదు. అదే ఏడాది మహారాష్ట్రలో సంచలనం రేపిన ఒక కేసులో మెఫెడ్రోన్‌గా భావించి పట్టుకున్న వంద కిలోలకు పైగా పొడి, ప్రయోగశాల పరీక్షలో వంటల్లో వాడే అజినొమోటోగా తేలింది. నిషేధం ఎంత కఠినమో పరీక్ష అంత కచ్చితంగా ఉండాలన్నది దీని సారాంశం. లేకుంటే అసలు వ్యాపారి బయటపడతాడు, కొన్ని సందర్భాల్లో నిర్దోషి లోపల మిగులుతాడు.

ట్రమడాల్ విషయంలోనూ ఇదే వరుస కనిపిస్తుంది. నొప్పి నివారణ మాత్రగా దేశమంతటా దొరికిన ఈ మందు దుర్వినియోగం చాలాకాలం సాగాక, 2018 ఏప్రిల్‌లో షెడ్యూలులో చేరింది. రెండు సందర్భాల్లోనూ పార్లమెంటు కొత్త చట్టం చేయాల్సిన అవసరం రాలేదు. ఎన్‌డీపీఎస్ మూడో సెక్షన్ ప్రకారం ఒక పదార్థం స్వభావం, ప్రభావం, దుర్వినియోగం గురించిన సమాచారం అందితే కేంద్ర ప్రభుత్వమే నోటిఫికేషన్‌తో దాన్ని పట్టికలో చేర్చవచ్చు. అంతర్జాతీయ ఒప్పందంలో మార్పు వచ్చినా చేర్చవచ్చు. అంటే తలుపు ఎప్పుడో తెరిచే ఉంది. ఆ తలుపు దాకా సమాచారం చేరడంలోనే జాప్యం.

నిషేధాలు నేర్పిన అనుభవం

ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ 2015 మార్చిలో జేడబ్ల్యూహెచ్-018, ఏఎం-2201 అణువులను 1971 నాటి సైకోట్రోపిక్ పదార్థాల ఒప్పందం రెండో షెడ్యూలులో చేర్చింది. జర్మనీ ప్రయోగశాలలు తొలి అణువును గుర్తించి అప్పటికి ఆరేళ్లు దాటింది. ఆ ఆరేళ్లలో విపణి ఎన్నో తరాల కొత్త అణువులకు మారిపోయింది. ఐరోపా ముందస్తు హెచ్చరిక వ్యవస్థ ఇప్పటివరకు నమోదుచేసిన కృత్రిమ క్యానబినాయిడ్లు 250కి పైగా ఉన్నాయి. ఒక్కో పేరు చేర్చుకుంటూ పోయే పద్ధతి ఈ వేగాన్ని అందుకోలేదని వివిధ దేశాలు గ్రహించి, మూడు దారులు వెదికాయి.

బ్రిటన్ 2009 డిసెంబరులో ‘కుటుంబ నిర్వచనం’ ఎంచుకుంది. ఒక్కో అణువును కాకుండా, ఒకే మూల నిర్మాణం గల అణువుల సమూహాన్ని నిషేధించడం దీని సారం. కొత్త అణువులు వచ్చినప్పుడల్లా నిర్వచనాన్ని విస్తరించారు. 2016 నాటి విస్తరణ మరీ విశాలమై, మత్తుతో నిమిత్తం లేని పరిశోధన రసాయనాలనూ పట్టేసింది. 2019లో దాన్ని కుదించక తప్పలేదు. చైనా 2021 జూలై 1 నుంచి కృత్రిమ క్యానబినాయిడ్ల కుటుంబాలన్నింటినీ ఒకేసారి నియంత్రణలోకి తెచ్చింది. ఆ నిర్వచనానికి చిక్కని కొత్త నిర్మాణాలు అదే ఏడాది విపణిలో కనిపించాయి.

రెండో దారి, మనసుపై ప్రభావం చూపే ఏ కొత్త పదార్థం అమ్మకాన్నయినా మొత్తంగా నిషేధించడం. ఐర్లాండ్ 2010లో, బ్రిటన్ 2016 మేలో ఈ దారి పట్టాయి. వీధి దుకాణాల్లో బహిరంగ విక్రయాలు అంతరించాయి. జైళ్లలోనూ నిలువనీడ లేని నిరుపేదల్లోనూ వాడకం కొనసాగింది. మూడో దారి న్యూజిలాండ్‌ది. హానికరం కాదని తయారీదారే నిరూపిస్తే అమ్మకానికి అనుమతిస్తామని 2013లో చట్టం చేసింది. ప్రజావ్యతిరేకత రావడంతో 2014 మేలో తాత్కాలిక అనుమతులను రద్దుచేసింది. కొన్నేళ్లకు అదే దేశంలో చాటుమాటు విపణిలోని క్యానబినాయిడ్లు పదుల సంఖ్యలో ప్రాణాలు తీశాయి.

ఈ అనుభవాలన్నీ ఒక విషయాన్ని చెబుతున్నాయి. కుటుంబ నిర్వచనం వ్యాపారి వేగాన్ని తగ్గిస్తుంది, ఆపలేదు. సంపూర్ణ నిషేధం దుకాణాన్ని మూయిస్తుంది, వ్యసనాన్ని మాన్పదు. ఏ నిర్వచనమైనా దాన్ని అమలుచేసే ప్రయోగశాల ఉన్నంత మేరకే పనిచేస్తుంది.

తెలుగు నేలకు హెచ్చరిక

గంజాయి విషయంలో ఆంధ్ర-ఒడిశా సరిహద్దు పేరు దేశమంతటా వినిపిస్తుంది. 2022 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన్’లో భాగంగా సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని దహనం చేశారు. తోటలు నరికి, దారులు కాసి సాధించిన ఫలితమది. దారి కాచి పట్టుకోదగ్గ బరువు మొక్కకు ఉంది. ఇరవై కిలోల గంజాయి మూటను రైల్లో దాచడం కష్టం. అదే మత్తునిచ్చే కృత్రిమ రసాయనం కొన్ని గ్రాములే ఉంటుంది, కొరియర్ కవరులో ఇమిడిపోతుంది. మొక్క మీద ఒత్తిడి పెరిగేకొద్దీ వ్యాపారం తేలికైన సరుకువైపు మళ్లే ప్రమాదం ఉంది.

మళ్లడానికి కావలసిన రసాయన నైపుణ్యం దక్షిణాదిలో కొరవడలేదు. హైదరాబాద్ దేశ ఔషధ పరిశ్రమకు ఆయువుపట్టు. ఆ కీర్తి నీడలోనే రహస్య తయారీ కేంద్రాలూ వెలుస్తున్నాయి. 2025 సెప్టెంబరులో మహారాష్ట్ర పోలీసులు నగర శివారు చర్లపల్లి పారిశ్రామికవాడలో మెఫెడ్రోన్ తయారీ గుట్టు రట్టుచేశారు. అదే నెలలో బోయిన్‌పల్లిలోని ఒక పాఠశాల భవనంలో అల్ప్రాజోలం తయారవుతున్నట్లు బయటపడింది. అల్ప్రాజోలం కథ మరీ విషాదం. వైద్యుడి చీటీపై ఇవ్వాల్సిన ఈ నిద్రమందు కల్లు దుకాణాల్లో చేరి, తెలంగాణలో కూలిజనాన్ని ఏళ్ల తరబడి బానిసలుగా మార్చింది. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు. అల్ప్రాజోలం పేరు ఎన్‌డీపీఎస్ షెడ్యూలులో ఎన్నో ఏళ్లుగా ఉంది. వాణిజ్య పరిమాణం వంద గ్రాములే. పట్టికలో పేరుండటం ఒక్కటే ప్రాణాలు కాపాడదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

శంషాబాద్ విమానాశ్రయంలో బ్యాంకాక్ నుంచి వచ్చే హైడ్రోపోనిక్ గంజాయి తరచూ పట్టుబడుతోంది. అది ఖరీదైన సరుకైనా మొక్కే కాబట్టి చట్టానికి స్పష్టత ఉంది. అదే ప్రయాణికుడి సంచిలో ‘మూలికల టీ’ పొట్లమో, సుగంధ ద్రవపు సీసానో ఉంటే, తనిఖీచేసే సిబ్బందికి అనుమానించే ఆధారమేదీ కంటికి కనిపించదు. ఉతైలో శిక్షణ పూర్తిచేసుకొని విమానాశ్రయాలకు, ఓడరేవులకు వెళ్లే భద్రతా సిబ్బంది ముందున్న పరీక్ష ఇదే. జైళ్లకు చేరే ఉత్తరాలు, పుస్తకాల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరమని బ్రిటన్ అనుభవం చెబుతోంది.

ముందు ప్రయోగశాల, తరువాత గెజిట్

మార్పు మొదలుకావలసింది సమాచారంతో. ఒక జిల్లా ప్రయోగశాలలో గుర్తుతెలియని అణువు కనిపిస్తే, ఒక ఆసుపత్రి అత్యవసర విభాగానికి ఒకే తరహా లక్షణాలతో నలుగురు యువకులు వస్తే, ఆ వార్త వెంటనే రాష్ట్ర రాజధానికి, ఢిల్లీకి చేరాలి. ఐరోపా దేశాలు 1997 నుంచి ఇలాంటి హెచ్చరిక వ్యవస్థను నడుపుతున్నాయి. భిలాయిలో ఉక్కు కర్మాగారం నిర్వహించే సెక్టర్-9 ఆసుపత్రి వంటి పెద్ద వైద్యశాలలు, పోలీసు ఫోరెన్సిక్ విభాగాలు, ఔషధ నియంత్రణ శాఖ ఒకే గొలుసులో ఉంటే మూడో సెక్షన్ కింద నోటిఫికేషన్ ఏళ్ల వ్యవహారం కానక్కర్లేదు.

రెండోది పరీక్షల సామర్థ్యం. కొత్త అణువును కచ్చితంగా తేల్చాలంటే మాస్ స్పెక్ట్రోమెట్రీ వంటి పరికరాలతో పాటు పోల్చిచూడటానికి ప్రామాణిక నమూనాలు కావాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ఏడేళ్లు అంతకుమించి శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలికి వెళ్లాలని నిర్దేశించింది. దీన్ని దశలవారీగా అమలుచేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువుంది. నవ రాయ్‌పూర్‌లో జాతీయ ఫోరెన్సిక్ శాస్త్రాల విశ్వవిద్యాలయ ప్రాంగణానికి, కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాలకు 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. ఆ భవనాల్లోకి నిపుణులు, నమూనాలు, నిధులు చేరితేనే వాటి ప్రయోజనం దుర్గ్ వంటి జిల్లాలకు అందుతుంది.

మూడోది చట్టం. కృత్రిమ క్యానబినాయిడ్లకు పేర్ల పట్టికతో పాటు కుటుంబ నిర్వచనాన్ని జోడించడం సమంజసం. అది బ్రిటన్‌లో జరిగినట్లు పరిశోధనను, హైదరాబాద్ వంటి కేంద్రాల ఔషధ పరిశ్రమను చిక్కుల్లో పడేయకుండా స్పష్టమైన మినహాయింపులు ఉండాలి. అత్యవసరంగా చేర్చిన అణువును నిర్ణీత గడువులో శాస్త్రీయంగా సమీక్షించే నిబంధన ఉంటే న్యాయస్థానాల్లోనూ నిలబడుతుంది. కొత్త పదార్థాలకు స్వల్ప, వాణిజ్య పరిమాణాలను నిర్ణయించేటప్పుడు ఆకు బరువును కాక రసాయనం శక్తిని లెక్కలోకి తీసుకోవాలి.

నాలుగోది వ్యసనపరుడి సంగతి. దేశంలో 2.8 శాతం మంది, అంటే సుమారు 3.1 కోట్ల మంది ఏదో ఒక రూపంలో గంజాయి జాతి మత్తును వాడుతున్నారని కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ జరిపి, 2019లో వెలువరించిన సర్వే అంచనావేసింది. అందులో భంగు వాడేవారూ ఉన్నారు. వీరిలో చిన్నభాగమైనా పరీక్షకు చిక్కని రసాయనంవైపు మళ్లితే ఆసుపత్రుల మీద పడే భారం ఊహించడం కష్టం కాదు. స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చే వ్యసనపరుడికి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ కల్పించే 64ఏ సెక్షన్ ఎన్‌డీపీఎస్‌లో ఉంది. వ్యసన విముక్తికి 14446, మాదకద్రవ్యాల సమాచారానికి 1933 నంబర్లతో జాతీయ సహాయవాణులు పనిచేస్తున్నాయి. జైలు భయంతో నోరు విప్పని కుర్రాడు ఏం పీల్చాడో వైద్యుడికి చెప్పడు. వైద్యుడికి తెలియనిది ప్రయోగశాలకు చేరదు, ప్రయోగశాలకు చేరనిది గెజిట్‌కు ఎక్కదు.

ఐక్యరాజ్యసమితి కమిషన్ 2025 మార్చిలో ‘హెచ్‌హెచ్‌సీ’ అనే మరో క్యానబినాయిడ్‌ను అంతర్జాతీయ నియంత్రణలోకి తెచ్చింది. ఐరోపాలో అది తొలిసారి కనిపించింది 2022లో. జేడబ్ల్యూహెచ్-018కు ఆరేళ్లు పట్టిన పని ఈసారి మూడేళ్లలో ముగిసింది. దూరం తగ్గుతోంది గాని చట్టం ఇంకా వెనకే ఉంది. రాయ్‌పూర్, విశాఖపట్నం, హైదరాబాద్ ప్రయోగశాలలు ఒక కొత్త అణువును ఎన్ని రోజుల్లో గుర్తిస్తాయి, ఆ సమాచారం ఎన్ని రోజుల్లో కేంద్రానికి చేరుతుంది అన్న లెక్కను ప్రభుత్వాలు ప్రజల ముందుంచగలిగిన రోజున, ఆ మిగిలిన దూరం ఎంతో తేలుతుంది.